కుళ్లాయప్ప తాత చేసిన మేక

చంద్రాయుడు జ్ఞానం కోసం కుళ్లాయప్ప దగ్గరికి వచ్చాడు. వచ్చిన మూడోనాడే ఆయన పదహారు మంది చిన్నపిల్లల్ని అప్పజెప్పి, "ముందు వీళ్లతో ఉండు నాయనా" అన్నాడు. జ్ఞానానికి ముక్కు కారుతుందని చంద్రాయుడు ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా గురువు మాట.

కుళ్లాయప్ప ఒకప్పుడు కుమ్మరి. చిత్రావతి ఒడ్డున నాలుగూళ్ల వాళ్లు ఆయన చేసిన కుండల్లోనే నీళ్లు తాగారు. తర్వాత సారె తిప్పడం మానేసి, కొట్టంలో బడి పెట్టాడు. అందులో పలకలు తక్కువ, మట్టి ఎక్కువ. పొద్దున ఒక కథ చెప్పాలి. కథలో ఎవరెవరు వచ్చారో వాళ్లను పిల్లలు మట్టితో చేయాలి. ఎన్ని కాళ్లో, ఎన్ని తోకలో లెక్కపెట్టాలి, పేర్లు పలక మీద రాయాలి. శుక్రవారం సాయంత్రం బొమ్మలన్నీ అరుగు మీద పెడితే అమ్మానాన్నలు వచ్చి చూస్తారు.

చంద్రాయుడు కథలు బాగానే చెప్పేవాడు. తన కథకు తనే ముందు నవ్వేవాడు గనక ఎక్కడ నవ్వాలో పిల్లలకు తెలిసేది.

చిక్కంతా మొదటి శుక్రవారం వచ్చింది. ఒకాయన అరుగు మీది బొమ్మను అటూ ఇటూ తిప్పి, "ఇది నక్కా, వంకాయా సారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. చేసిన పిల్లవాడు కూడా నవ్వాడు. చంద్రాయుడికి మాత్రం ఆ పూట సంగటి దిగలేదు. వంకాయను చేసింది తనే అయినట్టు ఉంది అతనికి.

రెండో వారం, గురువారం పిల్లలు ఇళ్లకు పోయాక, వెదురు పుల్ల తీసుకుని కూర్చున్నాడు. నక్కకు మూతి తేల్చాడు. ఏనుగుకు ఐదు కాళ్లుంటే ఒకటి తగ్గించాడు. ఏడేళ్ల సుంకులమ్మ చేసిన ఆవుకు ఒక పక్క బుడిపె ఉంటే, గీకి సాపు చేశాడు. పదహారూ దిద్దేసరికి తన చేతుల్ని తనే కళ్లకద్దుకోవాలనిపించింది. ఎవరైనా చూస్తారేమోనని ఆగాడు.

శుక్రవారం అరుగు ముందు ఒకటే సంబరం. "మా పిల్లోడే చేసినాడా!" అని తల్లులు బుగ్గలు పుణికారు. సుంకులమ్మ ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు నడిచింది. తన ఆవు దగ్గర ఆగి, దాని డొక్క మీద వేలు పెట్టి చూసింది. వేలు తీసేసి ఇంటికి వెళ్లిపోయింది.

సోమవారం ఆ పిల్ల మట్టి ముట్టలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"నాకు రాదు సారూ. మీరే చేయండి. మీకైతే బాగొస్తాది."

చంద్రాయుడు మురిసిపోయి చేసిచ్చాడు. మంగళవారం నలుగురు అడిగారు. బుధవారానికి పదహారు మందీ చేతులు తొడల కింద పెట్టుకుని వరసగా కూర్చున్నారు. చంద్రాయుడు మోచేతుల దాకా మట్టితో పిల్లి, నెమలి, మళ్లీ పిల్లి చేస్తూనే ఉన్నాడు. వెనక వరసలోంచి ఒకడు, "తోక పొట్టిగుండాది సారూ" అని పని కూడా చెప్పాడు.

మధ్యాహ్నం గురువు దగ్గరికి పోయాడు. ఆయన చేట ముందేసుకుని కొర్రల్లో రాళ్లు ఏరుతున్నాడు.

"స్వామీ, పిల్లలకు చేతులు పడిపోయినాయి."

"ఎప్పట్నించి?"

చంద్రాయుడు అంతా చెప్పాడు. పుల్లతో దిద్దిన సంగతి కూడా చెప్పాడు, కొంచెం చిన్నది చేసి. "ఇట్లయితే రేపోమాపో బడే మానేస్తారు స్వామీ. ఆ సుంకులమ్మ ఒక్కతి మళ్లీ మట్టిలో చెయ్యి పెడితే చాలు. దాన్ని చూసి మిగిలినోళ్లూ పెడతారు."

"నువ్వు దిద్దినవి బాగొచ్చినాయా?"

"శానా బాగొచ్చినాయి స్వామీ" అన్నాడు, ఆపుకోలేక.

కుళ్లాయప్ప చేట పక్కన పెట్టి లేచాడు.

కొట్టంలోకి వచ్చి సుంకులమ్మ పక్కన చతికిలబడ్డాడు. పిడికెడు మట్టి తీసుకుని మేకను చేయడం మొదలుపెట్టాడు. నాలుగూళ్లకు కుండలు చేసిన చేతులవి. నేర్చుకుందామని చంద్రాయుడు మెడ సాచి చూశాడు.

మేకను నిలబెడితే ఇటు పడింది. మళ్లీ నిలబెడితే అటు పడింది. కాళ్లు ఒక్కోటీ ఒక్కో పొడుగు. ఏవి కొమ్ములో, ఏవి చెవులో దానికే తెలియాలి.

పిల్లలు కిసుక్కుమన్నారు. కుళ్లాయప్ప నవ్వలేదు. నాలుక పంటి కింద పెట్టుకుని, మరింత శ్రద్ధగా మూడో కాలు కూడా చెడగొట్టాడు.

సుంకులమ్మ చాలాసేపు ఓర్చుకుంది.

"అట్ల కాదు తాతా."

"మరెట్లమ్మీ?"

"కాళ్లు లావుగా పెట్టాల."

"నాకు వస్తే కదా. నువ్వు పెట్టు, చూస్తా."

తొడ కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. కాసేపటికి రెండోదీ వచ్చింది. మేక నిలబడింది. సుంకులమ్మ అంతటితో ఆగలేదు. చిటికెడు మట్టి తీసి మేక డొక్కకు బుడిపెలా అంటించి, బొటనవేలితో మెల్లగా ఒత్తింది.

"ఇదేందమ్మీ?"

"పిల్ల. కడుపులో ఉండాది. మా ఆవుక్కూడా ఉండాది. పోయిన వారం చేస్తి కదా."

"ఏదీ, చూపీ?"

"లేదు తాతా. సారు సాపు చేసినప్పుడు దూడ పోయింది" అంది మామూలుగా, మేక మీది నుంచి కళ్లెత్తకుండా.

చంద్రాయుడు ఏదో వెతుక్కుంటున్నట్టు కొట్టం బయటికి పోయాడు. తిరిగి వచ్చేసరికి మట్టి ముద్ద కోసం పిల్లలు తోసుకుంటున్నారు. కుళ్లాయప్ప మధ్యలో కూర్చుని, అందరి చేతా తిట్లు తింటూ, ఇంకో మేకను చెడగొడుతున్నాడు.

సాయంత్రం గురువు చేతుల మీద నీళ్లు పోస్తూ చంద్రాయుడు అడిగాడు. "అట్లాంటి కుండలు చేసిన చేతులతో ఆ మేకను చేయడం ఎట్లా వచ్చింది స్వామీ?"

కుళ్లాయప్ప గోళ్లలో మట్టి తీసుకుంటూ అన్నాడు. "కుండకు రెండేండ్లు పట్టింది నాయనా. దీనికి ఇరవై."

శుక్రవారం, ఆనాడు నక్కను వంకాయన్న పెద్దమనిషే మళ్లీ వచ్చాడు. అరుగు మీద సుంకులమ్మ మళ్లీ చేసిన ఆవును చూసి, "ఇదేంది సారూ, గుమ్మడికాయ మింగిందా?" అన్నాడు.

చంద్రాయుడి చెయ్యి ఆవు వైపు లేచింది. సగం దూరం పోయి, వెనక్కి వచ్చి, తల గోక్కుంది.

"నాకేం తెలుసన్నా. ఆ పాపనడుగు."

సుంకులమ్మ ఆ పెద్దమనిషి వేలు పట్టుకుని ఆవు డొక్క మీద పెట్టింది.

"మెల్లగ" అంది. "తంతాది."