ఉప్పు చేను తీసుకున్న రాజు

అనగనగా ఒక ఊరు. ఊరికి ఒక పక్క సముద్రం, మిగతా పక్కలన్నీ వరిచేలు. సముద్రానికీ చేలకీ మధ్య ఒక మట్టికట్ట. కట్టకి ఒక తూము, తూముకి ఒక చెక్క తలుపు, తలుపుకి ఒక కాపలావాడు. వాడి పేరు సింగన్న. ఇంతవరకూ అర్థమైందా? ఊ కొడుతున్నారా? కెజియా, ఆవలింత ఊ కిందకి రాదమ్మా. మళ్ళీ కొట్టు.

నఫీసా, నువ్వూ ఇలా దగ్గరికి జరుగు. మీ అమ్మ ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చేదాకా ఇక్కడే పడుకుందువుగాని. మీ తాతయ్య, అదే మీ నానా, ఇవాళ కూడా నా మీదికి ప్రశ్నలు పంపించాడటగా? నాకు తెలుసులే. ఖాదర్ మేష్టారూ నేనూ ఒకే బళ్ళో పాఠాలు చెప్పాం. ఆయనది లెక్కలు, నాది తెలుగు. ఇంటర్వెల్లో టీ చల్లారిపోయేదాకా ఇదే వాదన. దేవుడు దయామయుడు కదా టీచరుగారూ, మనిషి ఏడ్చి తౌబా చేసుకుంటే క్షమించానంటాడు, అంతే కదా, మధ్యలో ఈ సిలువ ఎందుకండీ అనేవాడు. నేను గొంతు సవరించుకునేలోపు గంట కొట్టేసేవారు. ఇప్పుడు గంట లేదు కాబట్టి నెమ్మదిగా చెప్తాను.

సముద్రం రోజూ పొంగుతుంది, రోజూ తగ్గుతుంది. పొంగితే పోటు, తగ్గితే పాటు. పోటుకి తలుపు దించాలి, లేకపోతే ఉప్పునీళ్ళు చేలోకి వస్తాయి. పాటుకి తలుపు ఎత్తాలి, అప్పుడు చేలో మురుగు సముద్రంలోకి పోతుంది. పోటుకి దించు, పాటుకి ఎత్తు. సింగన్న చదువంతా ఈ రెండు ముక్కలే. ఆ రెండు ముక్కలూ వాడికి బాగానే వచ్చు. వచ్చిన పాఠమే కదా మనం తప్పేది!

ఇక ఆ ఊరి రాజు సంగతి. అబ్బో, ఆయనంత దయగలవాడు లేడు. ఎవడు ఏం చేసినా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చాలు, పోనీలే, మన్నించాం, పో అనేవాడు. ఒకసారి మేక తోటని తిన్నది. తోట అవ్వని ఏడిపించింది. అవ్వ రాజుని అడిగింది. రాజు మేకని మన్నించాడు. మేక మళ్ళీ తోటకి పోయింది. తోట అవ్వని ఏడిపించింది. అవ్వ రాజుని అడిగింది. రాజు మేకని... ఊ, మీరు చెప్పండి. ఆఁ, మన్నించాడు! అలా ఆ మేక బలిసింది, అవ్వ చిక్కింది, రాజుగారికి దయాసముద్రుడని బిరుదు వచ్చింది. రాత్రిళ్ళు ఆయనకి హాయిగా నిద్ర పట్టేది. ఎందుకు పట్టదూ, తిన్నది ఆయన గోంగూరా ఏమన్నానా?

ఒకనాడు పొద్దున్నే పోటు వస్తోంది. సింగన్న తలుపు దించబోయాడు. చూస్తే తూము అవతల నీళ్ళల్లో ఇంత పండుగప్ప, వెండి పళ్ళెంలా మెరుస్తూ అటూ ఇటూ తిరుగుతోంది. వాడికి నోరూరింది. ఒక్క జానెడు ఎత్తి ఉంచుతాను, చేప లోపలికి రాగానే దించేస్తాను అనుకున్నాడు. చేప వచ్చింది. చేప వెనకాల సముద్రం వచ్చింది. పోటు మీద ఉన్న నీటి ఒత్తిడికి తలుపు దిగుతుందా? భుజం వేసి నెట్టాడు, వేలాడాడు, దేవుళ్ళందరినీ పిలిచాడు. దిగలేదు. పాటు తిరిగి తలుపు దిగేసరికి తూము పక్కనున్న బంగారమ్మ చేను మోకాలి లోతు ఉప్పునీళ్ళల్లో ఉంది. పండుగప్పా? అది ఎటు పోయిందో ఎవరికి తెలుసు.

బంగారమ్మ అంటే ఎవరనుకున్నారు, నోరు పెద్దది, చేయి ఇంకా పెద్దది. ఒంటి చేత్తో సేద్యం చేసే మనిషి. ఆ చేనొక్కటే ఆవిడకి. ఊడ్చిన నాట్లన్నీ నాలుగు రోజుల్లో గడ్డిలా ఎండిపోయాయి. నీళ్ళు తీశాక మట్టి మీద తెల్లగా ఉప్పు పేరింది.

సింగన్న చెడ్డవాడు కాదు. నిజంగానే కుళ్ళికుళ్ళి ఏడ్చాడు. ఏడుస్తూ రాజు దగ్గరికి పోయి జరిగిందంతా దాచకుండా చెప్పేశాడు. రాజుగారు వాడి కన్నీళ్ళు చూసి కరిగిపోయి, పోనీలేరా సింగా, మన్నించాం, పో అన్నాడు. వాడి గుండె మీంచి పెద్ద బండ దిగింది. ఈల వేసుకుంటూ బయల్దేరాడు. దారి బంగారమ్మ చేను పక్కనించే.

ఆవిడ గట్టు మీద నించునుంది.

"బంగారమ్మత్తా, రాజుగారు నన్ను మన్నించేశారు!" అన్నాడట సంబరంగా.

"అలాగా నాయనా. చేను రాజుగారిదా?" అన్నదట.

అంతే. ఈల ఆగిపోయింది. ఆనాటి నించీ వాడికి ముద్ద దిగదు. రాజు ముందు తలెత్తుకోగలడు, బంగారమ్మ ముందు ఎత్తుకోలేడు. ఆవిడ మొహం ఎలా చూడాలి? అదే వాడి బాధ. సరే, మంచి పనులు చేసి చెడ్డ పని మీద కప్పేద్దామనుకున్నాడు. ఆవిడ ఇంటికి తాటాకు నేశాడు, దొడ్డి ఊడ్చాడు, ఆవిడ గేదెని తోమాడు, దారినపోయే చీమలకి చక్కెర వేశాడు. ఇల్లు బాగుంది, గేదె బాగుంది, చీమలు మరీ బాగున్నాయి. చేను మాత్రం తెల్లగానే ఉంది. చివరికి చేలో బోర్లా పడి ఏడవడం మొదలుపెట్టాడు.

"ఒరే సింగా, లేరా బాబూ," అన్నది బంగారమ్మ, "కన్నీళ్ళు కూడా ఉప్పేరా! ఉన్నది చాలదూ?"

నవ్వకండి, నవ్వకండి. బన్నీ, నువ్వు ఊ కూడా కొట్టకుండా నవ్వుతున్నావు. ఏడవడం తప్పని ఆవిడ అనలేదు. ఏడ్పు వల్ల సింగన్న మారాడు. చేను మారలేదు. రెండూ ఒకటి కాదు. మీ నానా తౌబా అంటాడే, మా పాస్టరుగారు మారుమనస్సు అంటాడే, అది లేకపోతే అసలు కథే లేదు. అది ఉన్నంత మాత్రాన కథ అయిపోలేదు కూడా.

వాడు లేచి, ఒంటినిండా బురదతో, రాజుగారి చిన్నకోడలి దగ్గరికి పోయాడు. ఆ అమ్మాయికి తెలివి ఎక్కువ, మొహమాటం తక్కువ. విన్నది, సరాసరి మామగారి దగ్గరికి వెళ్ళింది.

"మావయ్యగారూ, మీరు ఇన్నాళ్ళూ పంచిపెట్టిన క్షమాపణ ఎవరి కొట్లోది?"

"నాదే కదమ్మా," అన్నాడాయన.

"కాదండీ. మేకని మన్నించింది మీరు, పస్తున్నది అవ్వ. సింగన్నని మన్నించింది మీరు, చేను పోయింది బంగారమ్మకి. క్షమించానంటే నష్టం మాయమైపోదు మావయ్యగారూ. ఎవరో ఒకరు మోస్తారు. ఇప్పటిదాకా మోసినవాళ్ళని మీరు అడిగారా?"

రాజుగారికి రోషం వచ్చింది. అయితే వాణ్ణి ఉరి తీయిస్తానన్నాడు. మెత్తటివాళ్ళకి కోపమొస్తే అంతే మరి, చెప్పు విసరమంటే రోలు విసురుతారు. తీయించండి, వాడు పోతాడు, ఉప్పు పోతుందా అన్నది కోడలు. మరేం చెయ్యమంటావే అన్నాడు. మీరు నిజంగా మన్నించాలంటే చేను మార్చుకోండి, కాలవ మొదట్లో ఉన్న మీ సొంత చేను, పచ్చటి నాట్లతో సహా, బంగారమ్మకి ఇచ్చి, ఆ ఉప్పు చేను మీరు తీసుకోండి. అప్పుడు ఆ నష్టం మీది. మీ నష్టాన్ని మీరు మన్నించుకోవచ్చు, ఎవరూ అడగరు అన్నది.

రాజుగారు చాలాసేపు గడ్డం నిమురుకున్నాడట. దయ ఇంత బరువుంటుందని ఆయనకి అప్పటిదాకా తెలీదు. చివరికి సరేనన్నాడు. చేను కడగడానికి వందమంది కూలీలని పంపిస్తానన్నాడు. అయ్యో మావయ్యగారూ, మళ్ళీ మొదటికొచ్చారే, అప్పుడు సింగన్న తప్పు కూలీలు మోస్తారు అన్నది కోడలు.

ఏమిటి నఫీసా? ఊఁ, అడుగు, గట్టిగా అడుగు. ఒకరి బరువు ఇంకొకరు మొయ్యరని మీ ఖురానులో ఉందా? ఉంది, మీ నానా నాకు చదివి వినిపించాడు కూడా. మంచి మాట. ఒకరి మూట బలవంతంగా ఇంకొకరి నెత్తిన పెడితే అన్యాయమే. అందుకే కోడలు కూలీల్ని వద్దన్నది. ఆఁ? మరి మీ దేవుడు కొడుకుని పంపాడంటారుగా అంటావా? అబ్బ, ఖాదర్ మేష్టారి మనవరాలివి అనిపించావే! చూడమ్మా, పంపినవాడు వేరు, వచ్చినవాడు వేరు అయితే మీ నానా అడిగింది న్యాయం. అప్పుడు ఆయన పక్కన నించుని నేనే ముందు అడుగుతాను. మా నమ్మకం అది కాదు. వచ్చినవాడిలో పంపినవాడే ఉన్నాడని మా నమ్మకం. కూలీని పంపలేదు, రాజే దిగాడు. ఇది మీ నానా ఒప్పుకోడని నాకు తెలుసు. ఒప్పుకోకపోయినా, మేం ఏం నమ్ముతున్నామో సరిగ్గా తెలుసుకుని కాదనమను. అదీ నేను కోరేది.

సరే, కూలీల్ని మానేసి, చేను కడగడానికి రాజే దిగాడు. మంత్రి గుండె బాదుకున్నాడు. రాజు బురదలో దిగితే రాజరికం ఏమైపోవాలి, పక్క రాజ్యాలవాళ్ళు నవ్వరా అన్నాడు. రాజు కిరీటం తీసి, దీన్ని గట్టు మీద పెడుతున్నా, కాకెత్తుకుపోకుండా చూడమని ఆయనకే అప్పగించాడు. దాంతో మంత్రిగారు ఎండలో గట్టు మీద, కిరీటానికి కాపలా. ఇప్పుడు మీరు చెప్పండి పిల్లలూ, బురదలో ఉన్నవాడు రాజా, గట్టు మీద ఉన్నవాడు రాజా? ఆఁ. దిగినంత మాత్రాన రాజు తక్కువైపోడు. కొంతమంది దిగరు, ఎందుకంటే దిగితే పైకి రాలేమని వాళ్ళకే అనుమానం.

ఉప్పు చేను కడగడం ఎలాగో తెలుసా? కోట తోటలకి పారే తీపినీళ్ళన్నీ రాజు ఆ చేలోకి మళ్ళించాడు. నిండాక కాళ్ళతో మట్టిని తొక్కి కలిపాడు. పాటు రాగానే వదిలేశాడు. మళ్ళీ నింపాడు. తీపినీళ్ళు చేలోకి, చేలో ఉప్పు నీళ్ళల్లోకి, నీళ్ళు తూములోకి, తూము సముద్రంలోకి. మళ్ళీ తీపినీళ్ళు చేలోకి, చేలో ఉప్పు నీళ్ళల్లోకి... కోట తోటలు ఎండిపోయాయి. గుల్లలు కోసి రాజుగారి పాదాలు చీలికలయ్యాయి. ఆ చీలికల్లోకి ఉప్పు పోతుంటే ఆయన పళ్ళు బిగించుకునేవాడట.

సింగన్న తూము దగ్గర నించుని, పాటు వచ్చినప్పుడల్లా తలుపు ఎత్తుతున్నాడు. ఒకసారి అలా ఎత్తేసరికి బయటికి పోతున్న నీళ్ళల్లో ఎర్రగా ఒక చార కనబడింది. చూశాడు. అది ఎవరిదో తెలిసింది. తను జానెడు ఎత్తిన తలుపు ఎంత దూరం తెరుచుకుందో వాడికి అప్పుడు తెలిసింది. మొదట్లో తన తప్పుకి వాడు ఏడ్చింది తన కోసం. ఆ రోజు ఏడ్చింది రాజు కోసం.

పరిగెత్తుకెళ్ళి, నా తప్పు నేనే కడుక్కుంటాను, మీరు పైకి రండి ప్రభూ అని కాళ్ళ మీద పడ్డాడు. నీకు కాలవ ఉందా, తీపినీళ్ళు ఉన్నాయా, దేంతో కడుగుతావురా అన్నాడు రాజు. వాడి దగ్గర ఏముంది పాపం, ఒక తలుపూ, ఒక గోచీ! "తప్పు తీర్చుకోడానికైతే దిగకు," అన్నాడట రాజు, "అది నేను తీరుస్తున్నాను. నా పక్కన ఉండాలనిపిస్తే దిగు." సింగన్న దిగాడు. ఎవరూ నెట్టలేదు. ఇక ఎవరు లాగినా గట్టెక్కలేదు.

ఆ మాట కూడా పంపించాడా మీ నానా? ఎవరో మోసేస్తారంటే ఇక మీవాళ్ళంతా ధైర్యంగా తప్పులు చేస్తారనా? చేస్తారు నఫీసా, అబద్ధం ఎందుకు. ఆదివారం ప్రభువు కడిగేశాడని చప్పట్లు కొట్టి, సోమవారం అంగట్లో పాలల్లో నీళ్ళు కలిపేవాళ్ళు మా చర్చిలోనే ఉన్నారు. పేర్లు చెప్పను, మనకి పాలు వాళ్ళే పోస్తారు. ఆ ఊళ్ళోనూ అలాగే అన్నారు. ఉప్పు వదిలి, చేను పచ్చబడ్డాక, రాజు మళ్ళీ సింగన్నకే తూము అప్పగించాడు. ఊరంతా గోల. అవ్వ తోట తిన్న మేకని పెంచే మేకవాడు తూము దగ్గరికొచ్చి, ఎత్తరా సింగా, చేపలొస్తాయి, కడగడానికి రాజున్నాడుగా అని కన్ను గీటాడు. సింగన్న తలుపు మీద రెండు చేతులూ వేసి నించుని, ఆ పాదాలు నువ్వు చూడలేదురా అన్నాడు. అంతకంటే వాడికి చెప్పడం రాలేదు. చూసినవాడికీ చూడనివాడికీ అదే తేడా. మేకవాడు తల దించుకుని పోయాడు. మర్నాటినించీ మేక కట్టుగొయ్యన ఉంది.

ఒకటి మర్చిపోయాను. మన దేవుడికి ఏ కోడలూ చెప్పక్కర్లేదు. చెప్పకముందే దిగాడని మా నమ్మకం. కథలో రాజుకి చెప్పాల్సొచ్చింది, ఎందుకంటే ఆయనా మనలాంటివాడే. పోలిక పోలికే, కొలత కాదు. పరీక్షలో ఇది అడుగుతాను.

కోతలయ్యాయి. రాజుగారి ఉప్పు చేను పలచగానే పండింది, బంగారమ్మకి మాత్రం గాదె నిండింది. అందరూ బాగున్నారు, సింగన్న ఒక్కడే ఇంకా ఆవిడ వీధి వైపు రావడం లేదు, చుట్టూ తిరిగి పోతున్నాడు. ఒక మధ్యాహ్నం ఆవిడే వాడి దారికి అడ్డం నించుంది. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్ళి, పీట వేసి, విస్తరి వేసి, కొత్త బియ్యం అన్నం పొగలు కక్కుతుంటే వడ్డించింది.

"అత్తా, నన్ను..." అని వాడు మొదలుపెట్టాడు.

"నోర్ముయ్. మన్నించానని చెప్పను," అన్నది బంగారమ్మ. "చెప్తే నువ్వు మళ్ళీ ఏడుస్తావు, అన్నం చల్లారిపోతుంది. ఇది చూడు, పప్పులో నెయ్యి వేశాను. తిను."

వాడు తల వంచుకుని తిన్నాడు. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. ఆ ఏడాదంతా వాడు ముద్ద మింగిన మొదటి రోజు అదే.

అందుకని పిల్లలూ, ఎవరైనా మిమ్మల్ని పోనీలే అని వదిలేస్తే, ఆ పోనీలే ఎవరింట్లోంచి పోయిందో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. చూస్తే, మళ్ళీ తప్పు చెయ్యబుద్ధి కాదు. నఫీసా, ఇదంతా మీ నానాకి చెప్పు. ఆయన ఇంకో ప్రశ్న పంపుతాడు. పంపనీ, ఆయన ప్రశ్న లేకపోతే నాకూ తోచదు. కెజియా, బన్నీ... నిద్రపోయారా? సరిపోయింది. కథ కంచి బస్సెక్కింది, మనం మంచమెక్కుదాం.