గడియలు మింగినవాడు

ఒకానొక రాజ్యంలో ఉన్నట్టుండి పొద్దు చాలకుండా పోయింది. సూర్యుడు ఎప్పటిలాగే వచ్చేవాడు, ఎప్పటిలాగే పోయేవాడు. కాని మొదలుపెట్టిన పని ఏదీ సాయంత్రానికి తెమిలేది కాదు.

ఆ రాజ్యాన్ని వీరకేసరి భూపతి ఏలేవాడు. మనిషి మంచివాడే. కాని తన గొప్ప ఎంత విన్నా తనివి తీరేది కాదు. ఆయనకు అరవై నాలుగు బిరుదులు. ఎవరు ఏ పని మీద సభకు వచ్చినా, ముందు వంది భట్టు ఆ అరవై నాలుగూ రాగం తీసి చదవాలి. అది అయ్యేదాకా వచ్చినవాడు చేతులు కట్టుకుని నిలబడాలి. ఇల్లు తగలబడుతోందని చెప్పడానికి వచ్చినవాడైనా సరే.

సభామంటపం వసారాలో ఓబులమ్మ అనే ముసలావిడ కూర్చునేది. ఆమె ముందు ఒక నీళ్ల గంగాళం, అందులో తేలుతూ కొబ్బరి చిప్పంత రాగి కుడుక. కుడుక అడుగున సూది మొన పట్టేంత చిల్లు. ఆ చిల్లులోంచి నీళ్లు ఎక్కి కుడుక మునిగితే ఒక గడియ. మునగగానే ఓబులమ్మ కంచు గంట కొట్టి, కుడుకను ఖాళీ చేసి మళ్లీ తేల్చేది. పెనిమిటి పోయిన ముప్పై ఏళ్ల నుంచీ ఆమెకు ఇదే పని. కోటలో పొయ్యి రాజెయ్యాలన్నా, ఏనుగుకు మేత వెయ్యాలన్నా ఆ గంట మోగాల్సిందే.

ఈమధ్య ఓబులమ్మకు ఒక దిగులు పట్టుకుంది. పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. ఒకరోజు ఎసరు పెట్టిన సంగతే మరిచిపోతే గిన్నె మాడిపోయింది. అప్పటినుంచి గుర్తుంచుకోవలసిన ప్రతిదానికీ కొంగుకు ఒక ముడి వేసుకునేది. కొట్టిన గంటల లెక్క తప్పకుండా గంటకొక చింతగింజ పక్కన పెట్టుకునేది. అయినా మనసు కుదురుగా ఉండేది కాదు. అర గడియ కూర్చుందంటే నాలుగుసార్లు ముడులు తడుముకునేది.

అది రోహిణి కార్తె. వసారాకు ఎదురుగా, కోట ఆవరణకు ఆ చివర విత్తనాల కొట్టు ఉంది. రాజ్యంలోని రైతులందరికీ విత్తనం అందులోంచే వెళ్లాలి. కిందటి గాలివానకు దాని పెంకులు లేచిపోయాయి. తొలకరి చినుకు పడేలోగా కప్పు నేయకపోతే విత్తనం తడిసి ముక్కిపోతుంది. ఆ ఏడు పొలాల్లో చల్లడానికి గింజ ఉండదు. ఓబులమ్మ కొంగున ఉన్న ముడులన్నిటిలో పెద్ద ముడి ఆ కొట్టుదే.

కప్పు నేసే పని పెంకుల మేస్త్రీ సింగప్పది. పది రోజుల్లో కావలసింది. పదిహేను రోజులైనా సగం కప్పు పడలేదు.

"అందరూ బద్ధకస్తులు. అడిగేవాడు లేక ఇలా తయారయ్యారు" అన్నాడు రాజు. వెంటనే ఒక ఆజ్ఞ పుట్టింది. పనులు చూసే ఏడుగురూ రెండేసి గడియలకు ఒకసారి సభకు వచ్చి, ఈ రెండు గడియల్లో ఏం చేశారో ఒక్కొక్కరే విన్నవించుకోవాలి. ఏడుగురికీ ఏడుసార్లు బిరుదులు చదవాలి.

ఆజ్ఞ వచ్చిన మర్నాడు గంట మోగగానే సింగప్ప నిచ్చెన దిగి, ఒళ్లంతా దుమ్ముతో పరుగున వచ్చాడు.

"ఏమిరా సింగప్పా, ఇప్పుడే కదా ఎక్కావు?" అంది ఓబులమ్మ.

"ఎక్కానవ్వా. పన్నెండు పెంకులు పెట్టాను. పన్నెండు పెట్టానని చెప్పడానికి దిగాను. నువ్వా గంట కాస్త నిదానంగా కొట్టకూడదూ?"

"కుడుక నా మాట వినదు నాయనా."

వాడు లోపలికి పోయాడు. భట్టు రాగం మొదలైంది. వాడి వంతు వచ్చి బయటపడేసరికి ఇంకో గంట మోగనే మోగింది.

"అయిందా?" అంది ఓబులమ్మ.

"అయింది. ఇంకో రెండు తగిలించారు. ఉయ్యాల మంటపానికి కొలతలు కావాలట. ఏనుగుశాల తలుపు చూడాలట."

"మరి కప్పు?"

"అదీ కావాలట. అన్నీ ఇవాళే." వాడు ఆకాశం వైపు చూశాడు. పడమటి కొండ మీద చిన్న మబ్బు తునక నిలబడి ఉంది. వాడు మళ్లీ పరుగెత్తాడు.

వారం గడిచింది. మబ్బు తునక పెద్దదైంది. కప్పు మాత్రం ఉన్నచోటే ఉంది. రాజుకు కోపం మండిపోయింది.

"గంట గంటకూ కాపలా కాస్తున్నానే, ఇంకా పని జరగదేం? నా గడియలు ఎవరో మింగేస్తున్నారు" అన్నాడు.

భట్టు ఒక అడుగు ముందుకు వేశాడు. "ప్రభూ, మనుషులు పరుగులు తీస్తూనే ఉన్నారు. లోపం గంటలో ఉందేమో. ఓబులమ్మకు మతిమరుపు. మొన్న నా పేరు కూడా తట్టలేదు ఆమెకు."

"ఏం ముసలీ, గంట ముందే కొట్టేస్తున్నావా?" అని సింహాసనం మీదినుంచే కేక వేశాడు రాజు.

"నాకు తెలిసి లేదు దొరా."

"తెలియకుండానో?"

ఓబులమ్మ కొంగు ముడులు తడుముకుంది. రోజూ తనను తాను అడుగుతున్న మాటే అది.

"ఎల్లుండి సాయంత్రానికి నా గడియలు మింగుతున్నది ఎవరో పట్టి ఇవ్వు. ఇవ్వలేకపోతే కుడుకా గంటా భట్టుకు అప్పగించి ఇంటికి పో" అన్నాడు రాజు.

మర్నాడు సూర్యోదయం నుంచీ ఆమె గంట గంటకూ గింజ సరిచూసుకుంటూనే ఉంది. తప్పు తనదేనేమో. గంటల మధ్య కునుకు తీస్తోందేమో. మధ్యాహ్నం పదిహేనో గంట కొట్టి, పక్కన పెట్టిన చింతగింజలు లెక్కపెట్టింది. పదిహేనే. తల ఎత్తి ధ్వజస్తంభం వైపు చూసింది. నీడ సరిగ్గా దాని మొదట్లోకి వచ్చి చేరింది. గంట తప్పలేదు. తాను తప్పలేదు. ఓబులమ్మ చాలా రోజుల తరవాత గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

మరి గడియలు ఎటు పోతున్నట్టు?

కుడుక లోపల ఆమె పెనిమిటి ఎప్పుడో గీసిన నాలుగు గీతలు ఉన్నాయి. నీళ్లు ఒక్కో గీత దాకా వస్తే పావు గడియ. కూర్చున్నచోటి నుంచే ఆమెకు కొట్టు కప్పూ, ఆవరణా, సభా మూడూ కనబడతాయి. నీళ్లు గీతను తాకినప్పుడల్లా తల ఎత్తి సింగప్ప ఎక్కడున్నాడో చూస్తే చాలు. ఆమె మూడు చిన్న కుండలు తెప్పించుకుంది. ఏ కుండ దేనిదో మరిచిపోతే అంతా వృథా అవుతుంది కదా. అందుకని మొదటి కుండ మెడకు పెంకు ముక్క కట్టింది. రెండోదానికి సింగప్ప తెగిన చెప్పు వారు కట్టింది. మూడోదానికి రాజుగారు మెడలోంచి తీసి పారేసిన పూలదండ వేసింది.

ఆ మధ్యాహ్నం నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా పగలంతా ఆమె కన్ను గీత మీదా, సింగప్ప మీదా తిరుగుతూనే ఉంది. వాడు కప్పు మీద ఉంటే పెంకు కుండలో గింజ. దారిలో ఉంటే చెప్పు కుండలో. సభలో ఉంటే దండ కుండలో. గాలి లేచింది. దుమ్ము కళ్లలో పడింది. వేసిన గింజ వేశానో లేదోనని ఒక్కోసారి అనుమానం వచ్చేది. అప్పుడు గుప్పిట విప్పి చూసుకునేది.

రాజు గడువు పెట్టిన సాయంత్రం వచ్చింది. ఆకాశం సగం నల్లబడింది.

"ముసలీ, ఇటు రా" అన్నాడు రాజు.

"కుడుకను వదిలి రాలేను దొరా. ఇక్కడినుంచే చెబుతాను."

సింగప్పతో సహా సభలో అందరూ చేతులు కట్టుకుని నిలబడితే, భట్టు గొంతు సవరించుకుని బిరుదులు అందుకున్నాడు. ఓబులమ్మ కుడుక వైపే చూస్తూ కూర్చుంది. ఇరవయ్యో బిరుదు దగ్గర టక్కున ఒక గింజ దండ కుండలో పడింది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు రాజు.

"పొద్దు దొరా. పోతోంది."

రాజు కనుబొమలు ముడిచి, భట్టును ఆపమని చెయ్యి ఊపాడు. "మింగినవాణ్ని పట్టావా?"

"పట్టాను. కాని పేరు చెప్పాలంటే నోరు రావడం లేదు. పెద్ద మనిషి. ముందు శిక్ష ఏమిటో సెలవియ్యండి."

"ఎంత పెద్దవాడైతే నాకేం? మింగినవాడి చేత కక్కిస్తాను. ఏ పనిలో మింగాడో ఆ పనిలోనే నిలబెట్టి, మింగినదంతా కక్కేదాకా కదలనివ్వను. ఇది నా మాట."

"నాకు మరుపెక్కువ దొరా. భట్టుగారు ఒక్కసారి గట్టిగా చెబితే గుర్తుంటుంది."

భట్టు ఆ తీర్పును రాగం తీసి, సభంతా వినబడేలా చదివాడు. ఓబులమ్మ కొంగుకు ముడి వేసుకుని, కుండలు మూడూ ముందుకు జరిపింది.

"నీళ్లు గీత తాకినప్పుడల్లా సింగప్ప ఎక్కడుంటే ఆ కుండలో ఒక గింజ వేశాను. ఏలినవారే చూడండి."

రాజు సింహాసనం దిగి వచ్చాడు. చెప్పు కుండలో చెయ్యి పెట్టాడు. రెండు గుప్పిళ్ల గింజలున్నాయి.

"ఇవి రాకపోకలకు పోయినవి" అంది ఓబులమ్మ.

పెంకు కుండలో చూశాడు. గింజలు అడుగు కూడా నిండలేదు. "పట్టాను. ఇవి మేస్త్రీ మింగినవి కదూ?"

"కాదు దొరా. అవొక్కటే పనికి దక్కినవి."

మూడో కుండ అంచుదాకా నిండి, పైన పడిన గింజలు జారిపోతున్నాయి. దాని మెడలో వాడిన సంపెంగ దండ. రాజు దండను పట్టుకుని చూశాడు. అది తన దండేనని ఆయనకు తెలిసింది. రాజును సముదాయించాలని భట్టు బిరుదులు అందుకోబోయాడు.

"వద్దు భట్టుగారూ, కుండలో ఇక చోటు లేదు" అంది ఓబులమ్మ.

రాజు ముఖం ఎర్రబడింది. ఒకసారి భట్టును చూశాడు, ఒకసారి మబ్బును చూశాడు. తీర్పు తనదే. సభంతా విన్నది. చివరికి ఉత్తరీయం తీసి నడుముకు చుట్టుకుని విత్తనాల కొట్టు వైపు నడిచాడు.

నిచ్చెన కింద నిలబడి రాజు పెంకులు అందించసాగాడు. రాజే నిలబడ్డాక మంత్రులు కూర్చోలేరు కదా. పెంకుల గుట్ట నుంచి నిచ్చెన దాకా వరస కట్టారు. బిరుదులు చదివిన భట్టు గొంతు ఇప్పుడు "అందుకో, అందుకో" అంటోంది. ఓబులమ్మ మాత్రం వసారాలోనే ఉండి, గీతకు ఒక గింజ చొప్పున దండ కుండలోంచి తీసి బయట వేస్తోంది.

మర్నాడు మధ్యాహ్నానికి కప్పు ముప్పాతిక పడింది. గాలికి నిచ్చెన ఊగుతోంది. పైన వాసం మీద వంగి ఉన్న సింగప్ప, కింద ఎవరున్నారో చూడకుండా, "ఏందయ్యా నిద్రపోతున్నావా? పెంకు ఇయ్యి" అని కసిరాడు.

వరసంతా బిగుసుకుపోయింది. వాడు కిందికి చూసి, వాసం మీదే నీరుగారిపోయాడు.

రాజు పెంకు అందించాడు. అప్పుడు మొదలైంది నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరవై నాలుగు బిరుదులు విని ఒక్క పెంకూ కదిలించలేదు నేను. వీడు ఒక్క కసురు కసిరి పని చేయించుకున్నాడు."

సాయంత్రం ఆఖరి పెంకు పడింది. అప్పటికే దండ కుండలోని ఆఖరి గింజ కూడా బయట పడింది. సింగప్ప దిగీ దిగకముందే చినుకు మొదలై, చూస్తుండగానే వాన దబదబా పెంకుల మీద కురిసింది. కొట్టులో ఒక్క బొట్టు కారలేదు.

రాజు తడిసిన ఒంటితో వసారాలోకి వచ్చాడు. "అవ్వా, ఇంకమీదట ఎవరూ సభకు పరుగెత్తక్కర్లేదు. రోజు చివర ఒక్కసారి చెబితే చాలు. చేతిలో పని దించాకే ఇంకో పని. బిరుదులు దసరానాడు వింటాను, అదీ ఒక్కసారి."

ఓబులమ్మ కొంగు తీసుకుని ముడులు విప్పసాగింది. కొట్టు ముడి విప్పింది. తీర్పు ముడి విప్పింది. చివరికి ఒక ముడి మిగిలింది.

"అది దేనికి?" అన్నాడు రాజు.

ఆమె ఆ ముడిని వేళ్లతో నలిపింది. ఎంత ఆలోచించినా అందలేదు. "గుర్తు రావడం లేదు దొరా" అంది చిన్నగా.

"నాకు తెలుసు. బహుమానం అడగాలని వేసుకున్నావు" అని రాజు మళ్లీ నవ్వాడు. లోపలినుంచి పట్టుచీర తెప్పించి ఆమె చేతిలో పెట్టాడు. "దీని కొంగు అందరి కొంగులకన్నా రెండు మూరలు పొడుగు. ఎన్ని ముడులైనా వేసుకో."

ఓబులమ్మ చీర ఒళ్లో పెట్టుకుని రాజుకు ఏదో చెప్పబోయింది. ఆ మాట కూడా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అంతలో కుడుక మునిగింది. ఎవరూ గుర్తు చేయకుండానే ఆమె చెయ్యి లేచి గంట కొట్టింది.