దారి నాదే అన్న కుందేలు

అనగనగా అడవి అయిపోయి సముద్రం మొదలయ్యేచోట ఒక పొడవాటి ఇసుక తీరం. అక్కడి జంతువులకి ఒకటే పిచ్చి, గాలిపటం బండి పందెం. మూడు తాటికాయలు చక్రాలు. కూర్చోడానికి ఓ చెక్క. చేతిలో పెద్ద గాలిపటం పిడి. గాలి లాగితే బండి రయ్యిమని పోవాల్సిందే. అలాంటి బండి మీకిస్తే అన్నానికి కూడా ఇంటికి రారని నాకు తెలుసు.

కొత్తవాళ్లకి నేర్పేది సూదమ్మ అనే ముళ్లపంది. అందరికీ అత్తే. ఆ రోజు కొత్తవాళ్లు ఇద్దరు: కుందేలు తుర్రు, ఎలుగుపిల్ల బొద్దు. తీరం ఈ చివర నుంచి ఆ చివరికి మూడుసార్లు, ఎవరినీ గుద్దకుండా నడిపినవాళ్లకి మర్నాడు పెద్ద పందెంలో చోటు. తుర్రుకి ఆ చోటు మీదే ప్రాణం.

"ఒకటి, నెత్తిన కొబ్బరిచిప్ప లేనిదే బండెక్కకూడదు," అంది సూదమ్మత్త. "రెండు, ఎదురుపడితే గాలి ఎవరి కుడిచేతి వైపు నుంచి వస్తుందో దారి వాళ్లది. రెండోవాళ్లు తప్పుకోవాలి. మూడు, బండి అదుపు తప్పితే పిడి వదిలెయ్యాలి. నాలుగు..."

నాలుగోది వినడానికి తుర్రు అక్కడ ఉంటేగా. అప్పటికే చిప్ప పెట్టుకుని బండెక్కేశాడు.

పాపం బొద్దుకి కుడి ఏదో ఎడమ ఏదో తెలీదు. అందుకని అత్త వాడి కుడిచేతికి ఒక గడ్డిపోచ కట్టి అవతలి చివరికి పంపింది.

గాలి సముద్రం మీంచి వీస్తోంది. మొదటిసారి ఎదురుపడినప్పుడు సముద్రం తుర్రు కుడివైపు ఉంది. బొద్దు గడ్డిపోచ చూసుకుని తప్పుకున్నాడు. రెండోసారి, తిరిగి వచ్చేటప్పుడు, దారి బొద్దుది. తుర్రు సణుక్కుంటూనే తప్పుకున్నాడు.

మూడోసారి దారి మళ్లీ తుర్రుది. కానీ బొద్దు గడ్డిపోచ ఎక్కడో ఊడిపోయింది. వాడు రెండు చేతులూ మార్చి మార్చి చూసుకుంటున్నాడు. తుర్రు అది చూశాడు. పక్కన బోలెడంత ఇసుక ఖాళీగా ఉంది.

"దారి నాదే. నేనెందుకు తప్పుకోవాలి?" అనుకుని తిన్నగా పోనిచ్చాడు.

ఠాక్. చిప్పకి చిప్ప కొట్టుకుంది. తాళ్లు మెలేసుకున్నాయి. రెండు గాలిపటాలూ గిరగిరా తిరుగుతూ ఇద్దరినీ అడవి చెట్ల మీదికి ఈడ్చుకుపోతున్నాయి.

"పిడి వదిలెయ్ రా బొద్దూ," అని అరిచాడు తుర్రు. ఇద్దరూ వదిలేశారు. చిప్పలు ఉన్నాయి కాబట్టి తలలు మిగిలాయి.

"తప్పు వాడిదే అత్తా. దారి నాది," అన్నాడు తుర్రు.

"దారి నీదే. వాడు తికమక పడడం చూశావా?"

"చూశాను."

"బండి తిప్పడానికి చోటుందా?"

"ఉంది."

"మరి? నాలుగోమాట అదే నాయనా. దారి నీదైనా, అవతలివాడు తప్పుకోలేకపోతే నువ్వే తప్పుకోవాలి."

తుర్రు చెవులు వాలిపోయాయి. పెద్ద పందెంలో చోటు ఇద్దరికీ పోయింది. సాయంత్రం దాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తాళ్ల చిక్కులు విప్పారు. విప్పుతూ విప్పుతూనే తుర్రు బొద్దుకి కుడీ ఎడమా నేర్పేశాడు.

వచ్చే పందేనికి ముందు మళ్లీ పరీక్ష పెట్టారు. ఈసారి తుర్రుకి ఎదురుగా వచ్చింది ఒక కొత్త బాతు. దారి తుర్రుది. కానీ బాతు బండి వంకరటింకరగా వస్తోంది, బాతు కళ్లు గట్టిగా మూసుకుంది. తుర్రు చటుక్కున బండిని తడి ఇసుకలోకి తిప్పాడు. చక్రాలు కూరుకుపోయాయి. దిగి, తోసుకుని, ఒళ్లంతా బురదతో అందరికన్నా ఆఖర్న వచ్చాడు. ఎవరినీ గుద్దలేదు మరి, చోటు దొరికింది. తీరం మీద వాళ్లంతా కొబ్బరిచిప్పలు వాయిస్తూ గంతులేశారు.

"దారి నీదేగా, ఎందుకిచ్చావు?" అని అడిగాడు బొద్దు.

"నాది కాబట్టే ఇవ్వగలిగాను," అని నవ్వాడు తుర్రు.

నీతి: దారి మనదైనా, ఎదుటివాడు క్షేమంగా వెళ్లేలా చూడడం కూడా మన పనే.