ఆరు మూలల మూత

దైవసహాయం మేస్త్రిగారిని ఎవరైనా ఏదైనా అడిగితే, ఆయన ముందు చేతిలో ఉన్న పని పూర్తిచేసేవారు. ఆ పని అయ్యేసరికి అడిగినవారు ప్రశ్న మరిచిపోతే సంగతి అంతటితో సరి. మరిచిపోకపోతే జవాబు ఎప్పుడో ఒకప్పుడు దొరికేది. అది మాటల్లోనే దొరకాలని మాత్రం ఏమీ లేదు.

బాపట్లలో రైలుకట్ట పక్కన ఆయన వడ్రంగి షెడ్డు. తలుపులు, కిటికీలు, మంచాలతో పాటు క్రైస్తవుల భూస్థాపనలకు పెట్టెలు కూడా చేసేవారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న సువార్తకు ముప్పై ఏళ్ళుంటాయి. అంతకుముందు వేరే ఊళ్ళో ఒక ఫర్నిచర్ షాపులో చేసింది. అక్కడ మైటర్ మిషన్ మీద, అంటే చెక్కను కావలసిన కోణంలో కోసే కరెంటు రంపం మీద, యజమాని పక్కన నిలబడి అరుస్తుండగా తోటి పనివాడి రెండు వేళ్ళు పోవడం ఆమె కళ్ళారా చూసింది. వెంటనే మానేసి వచ్చింది. రంపమంటే ఆమెకు భయం లేదు. ఎవరైనా దగ్గర నిలబడి తొందరపెడితే మాత్రం చేతులు వణికేవి.

ఒకరోజు ఆమె అడిగింది: "మేస్త్రిగారూ, కోణం ఎలా పట్టాలో నేర్పారు. చెయ్యి ఎక్కడ పెట్టకూడదో నేర్పారు. మనిషి పక్కనే ఉండి తరుముతుంటే నిదానంగా ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు."

మేస్త్రిగారు ఒక పలక చిత్రిక పడుతున్నారు. పట్టడం అయ్యాక పొట్టు దులుపుకుని, "మంచి ప్రశ్నే" అని భోజనానికి వెళ్ళిపోయారు.

తర్వాత కొన్నాళ్ళకు, ఒక ఉదయం షెడ్డు ముందు ట్రక్కు ఆటో ఆగింది. దాన్ని నడుపుకుంటూ వచ్చిన మనిషికి యాభై దాటి ఉంటాయి. పేరు ఏసోబు. చొక్కా బొత్తాలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు. చేతిలో పురికొస ఉంది, దానికి ఒకచోట ముడి.

"మా అక్క పోయిందండీ. కొస మొత్తం ఆమె పొడుగు. ఈ ముడి దాకా భుజాల వెడల్పు. చీకటి పడకముందే భూస్థాపన, పాస్టరుగారితో చెప్పేశాం" అన్నాడు.

మేస్త్రిగారు పురికొసను సిద్ధంగా ఉన్న పెట్టెల పక్కన పట్టి చూశారు. ఏదీ చాలలేదు.

"మా అక్క పొడగరండీ" అన్నాడు ఏసోబు, తప్పు ఆమెదైనట్టు, దానికి తాను క్షమాపణ చెబుతున్నట్టు.

కొత్తది చెయ్యక తప్పలేదు. తలవైపు సన్నగా మొదలై, భుజాల దగ్గర వెడల్పై, కాళ్ళవైపు మళ్ళీ సన్నబడే ఆరు మూలల పెట్టె. పెట్టె తాను బిగిస్తానని, మూత చుట్టూ అంచుబద్దలు వెయ్యమని మేస్త్రిగారు సువార్తకు అప్పగించారు. రెండు బద్దలు కలిసే ప్రతి మూలా ఒక కోణం. ఆ కోణంలో సగం ఈ బద్దకు, సగం ఆ బద్దకు కోసుకోవాలి. భుజాల దగ్గరి కోణం వేరు, తలదగ్గర వేరు, కాళ్ళదగ్గర వేరు.

ఏసోబు కూర్చోలేదు. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు, టీ ఇస్తే పక్కన పెట్టేశాడు. ఆటో దాకా వెళ్ళేవాడు, తిరిగి వచ్చేవాడు. కాసేపటికి మైటర్ మిషన్ పక్కకే వచ్చి నిలబడ్డాడు.

"ఇంకెంతసేపమ్మా?"

"అయిపోతుందండీ."

"మట్టిలో పెట్టేదానికి ఈ సోకులన్నీ ఎందుకు? బద్దలు లేకపోతే ఏం?" అన్నాడు. సువార్త చేతిలోది కింద పెట్టబోయేసరికి కంగారుగా, "వద్దొద్దు, వెయ్యి తల్లీ. మా అక్కకు వెయ్యి. కాస్త తొందరగా వెయ్యి" అన్నాడు.

ఆమె చేతులకు తొందర పట్టుకుంది. ఎప్పుడూ ముందుగా పనికిరాని ముక్క మీద ఒక కోత కోసి, మూలకు ఆనించి చూసుకునేది. ఆ రోజు చూసుకోలేదు. మిషన్ మీది అంకెల్నే నమ్మి ఒకదాని వెంట ఒకటి కోసేసింది. ఒక్కో మూలలో వెంట్రుకవాసి తేడా వచ్చింది. ఆ తేడాలన్నీ చేరి చివరి మూలలో, సరిగ్గా తలదగ్గర, బియ్యపు గింజ పట్టేంత సందుగా తేలాయి.

ఏసోబు వంగి ఆ సందు చూశాడు. "ఇదేంటమ్మా ఇది! మా అక్కకు ఇలాగేనా!" అని అరిచాడు. షెడ్డు అవతల రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తిరిగి చూశారు.

సువార్తకు చెవులు వేడెక్కాయి. తలదగ్గరి బద్ద చాలా పొట్టిది. దాని అంచు కాస్త చెక్కితే సందు మూసుకుంటుందనుకుని ముక్కను మళ్ళీ మిషన్ మీద పెట్టింది. అంత పొట్టి ముక్కకు, చెక్కను కదలకుండా బిగించే క్లాంపు అందదు. అందుకని వేళ్ళతోనే అదిమిపట్టి మీట నొక్కింది. బ్లేడు తిరగడం మొదలైంది.

అంతలో ఆ శబ్దం పలచబడింది. బ్లేడు నెమ్మదించి, పళ్ళు ఒక్కొక్కటీ కనబడుతూ, ఆగిపోయింది. మేస్త్రిగారు గోడ దగ్గర నిలబడి ఉన్నారు, చెయ్యి మెయిన్ స్విచ్ మీద ఉంది. బ్లేడు ఇంకా చెక్కను తాకలేదు.

ఆయన కేక వెయ్యలేదు. దగ్గరకు వచ్చి, "చేతులు చూపించమ్మా" అన్నారు. సువార్త రెండు చేతులూ చాపింది. ఆయన అద్దాలు సరిచేసుకుని, పది వేళ్ళూ తీరిగ్గా చూశారు. చూస్తున్నంతసేపూ ఆయన గడ్డం కింద నరం ఒకటి కొట్టుకుంటూనే ఉంది.

"ఆ బద్దలు పక్కన పెట్టెయ్యి. పొడుగు బద్ద తీసుకో. పొడుగ్గా ఉన్నప్పుడే కొన కొయ్యి, ముక్క ఆఖర్న విడిపోతుంది" అన్నారు.

"మళ్ళీ మొదటినుంచా?" అన్నాడు ఏసోబు. ఈసారి అరవలేదు.

మేస్త్రిగారు ఆయనవైపు తిరిగారు. "మీ అక్కగారి పేరేమిటండీ?"

"సారమ్మ."

"సారమ్మగారి తల ఆనేది ఈ పలక దగ్గర. లోపలివైపు గరుగ్గా ఉండిపోయింది. నాకు మూత దగ్గర పనుంది, చేతులు చాలడం లేదు. మీరు కాస్త నున్నగా చేసిపెడతారా?" అని ఒక ఉప్పుకాగితం ఆయన చేతిలో పెట్టారు.

ఏసోబు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తలా భుజాలూ లోపలికి వంచి రుద్దడం మొదలుపెట్టాడు. మొదట విసురుగా రుద్దాడు. మేస్త్రిగారు వెళ్ళి, "చెక్క గీతల వెంట పోనివ్వండి, అడ్డంగా వద్దు" అని చూపించి వచ్చారు. ఆ తర్వాత చెయ్యి కుదిరింది.

సువార్త పొడుగు బద్ద తెచ్చుకుంది. మడిచే కోణమట్టాన్ని మూత మూలకు ఆనించి, ఆ కోణాన్ని పనికిరాని ముక్క మీద కోసి చూసుకుంది. చాలలేదు. మిషన్ను ఒక పిసరు తిప్పి మళ్ళీ కోసింది. ఈసారి అతికింది. అప్పుడు అసలు బద్దను వెనక పట్టీకి ఆనించి, క్లాంపు బిగించి, చెయ్యి దూరంగా పెట్టుకుంది. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే దించింది. కోత అయ్యాక మీట వదిలి, బ్లేడు కిందే ఆగేదాకా కదలకుండా నిలబడి, ఆ తర్వాతే పైకెత్తింది. విడిపోయిన ముక్క ఎక్కడ పడిందో అక్కడే ఉంది.

పెట్టెలోంచి ఏసోబు మాటలు వినిపిస్తున్నాయి. ఎవరితో చెబుతున్నాడో ఆయనకే తెలియదు.

"మా అమ్మ పోయినప్పుడు నాకు ఐదేళ్ళు. అక్కే పెంచింది. పేలు చూస్తానని నా తల ఒళ్ళో పెట్టుకునేది. ఉన్నా లేకపోయినా చూసేది. నేను నిద్రపోయేదాకా వేళ్ళు ఆపేది కాదు." కాగితం మరోవైపుకు మడిచి మళ్ళీ రుద్దాడు. "మొన్న ఆస్పత్రిలో కూడా, ఇలా రారా, తల చూస్తాను అంది. నాకు ట్రిప్పుంది, రేపొస్తానన్నాను."

మేస్త్రిగారు కొత్త కాగితం ఒకటి చించి ఆయనకు అందించారు.

ఆరు మూలలూ అతికాయి. సువార్త బొటనవేలి గోరుతో ఒక్కో మూలనూ తడిమింది. గోరు ఎక్కడా ఆగలేదు. అప్పటికి ఎండ షెడ్డు సగం దాకా వచ్చింది. ఏసోబు ఫోను మోగింది. ఇంటిదగ్గరనుంచి ఎవరో గట్టిగా అడుగుతున్నారు.

"కాసేపు ఆగమనండి పాస్టరుగారిని. ఇక్కడొక మూల ఇంకా నున్నగా అవలేదు" అన్నాడు ఏసోబు. ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ వంగాడు.

సువార్త చేతిలో పని ఆపి ఆయన వీపు వంక చూస్తుండిపోయింది.

చివరికి ఆయనే లేచాడు. జుట్టంతా పొట్టు. అరచేత్తో లోపలి పలకను ఒకసారి నిమిరి, సువార్త దగ్గరకు వచ్చి, "ఇందాక నోరు జారాను తల్లీ" అన్నాడు. మేస్త్రిగారు పెట్టె లోపల తెల్లగుడ్డ పరిచి, చిన్న మేకులతో అంచుల వెంట కొట్టారు. ఇంటిదగ్గరనుంచి నలుగురు మనుషులు వచ్చి పెట్టెను ట్రక్కు ఆటోలోకి ఎక్కించారు. ఏసోబు ఆటో తాళం వాళ్ళలో ఒకరికిచ్చి, వెనక పెట్టె పక్కనే కూర్చున్నాడు. ఆటో రైలుగేటు దాటి మలుపు తిరిగింది.

సువార్త మిషన్ మీది పొట్టు బ్రష్షుతో దులుపుతోంది. మనసులో ఒకటి తిరుగుతూనే ఉంది.

"మేస్త్రిగారూ, లోపలంతా ఎలాగూ గుడ్డ వేస్తాం కదండీ. ఆ పలకను ఎవరూ చూడరు. దానికి ఉప్పుకాగితం ఎందుకు పట్టించారు?"

మేస్త్రిగారు పొద్దున ఏసోబు పక్కన పెట్టేసిన టీ గ్లాసు తీసి, చల్లారిన టీ బయట పారబోసి, గ్లాసు కడిగి బోర్లించారు. చేతులు తుడుచుకున్నాక అన్నారు:

"ఖాళీ చేతులతో నిలబడటం చాలా కష్టమమ్మా."