తులశమ్మగారి లైట్ల పెట్టె

పరాంకుశానికి ఆ పెట్టె మీద పట్టరాని కోపంగా ఉంది.

అదొక కంప్యూటర్ పెట్టె. ఒక పక్క అద్దం తలుపు, లోపల రంగురంగుల లైట్లు. చప్పుడుకి ఆ లైట్లు వెలిగేలా చేసిపెట్టమని తులశమ్మగారని ఒకావిడ ఇచ్చి వెళ్లింది. ఇదేం బ్రహ్మవిద్యా అనుకుని పరాంకుశం లోపల చిన్న మైకు బిగించాడు, బోర్డుకి కలిపాడు, స్విచ్ వేశాడు. అంతే, పెట్టెకి పూనకం వచ్చింది.

పాట పెడితే వెలిగింది. పాట ఆపినా వెలిగింది. ఫ్యాను కిర్రుమంటే వెలిగింది. ఎదురింటి కుక్కర్ కూతకి వెలిగింది. కింద బండి మీద బజ్జీల నూనె చుర్రుమంటే వెలిగింది. గుంటూరు మొత్తంలో ఎవరు తుమ్మినా మొదట తెలిసేది ఆ పెట్టెకే. మూడు వీధుల అవతల ఎవరో ఆవులిస్తే కూడా వెలిగిందని పరాంకుశం ఒట్టేసి చెబుతాడు.

"ఆపవే నీ గోల!" అని అరిచాడు దాని మీద.

ఆ అరుపుకి మరింత భగ్గున వెలిగింది.

ఆ మేడమీది రిపేరు కొట్లోనే గోడవారగా బెంచీ మీద ఖాదర్ ఉస్తాద్ పాత రేడియో ఒకటి విప్పుకుని కూర్చున్నారు. ఆయన మెట్లెక్కి వస్తుంటే ఆ అడుగుల చప్పుడుకే చచ్చిన టీవీలు బతికి కూర్చునేవి. మాటల దగ్గర మాత్రం మహా పిసినారి. పదకొండేళ్ల శిష్యరికంలో పరాంకుశం ఆయన నోట విన్న మాటలన్నీ ఒక్క అగ్గిపెట్టెలో పట్టేస్తాయి. అందులో 'శభాష్' లేదు. ఈ పెట్టెతో ఆ ఒక్క మాటా రాబట్టి తీరాలని అతని పంతం.

"చూడండి ఉస్తాద్! పాటకి ఆడమంటే పక్కింటి కుక్కర్‌కి ఆడుతోంది. నా ప్రాణం తీస్తోంది."

ఉస్తాద్ తలెత్తలేదు. "ఆవిడేం కావాలంది?"

"చప్పుడుకి లైట్లు వెలగాలంది."

"ఏ చప్పుడుకి?"

"ఏ చప్పుడేంటి ఉస్తాద్, పాటకి! ఇలాంటి లైట్లు ఇంకెందుకు పెట్టించుకుంటారు?"

"పాటకని ఆవిడ చెప్పిందా?"

"ఏదో చెప్పబోయింది. నేనే అందుకున్నా. నాకు తెలుసు మేడమ్, మీరు నిశ్చింతగా వెళ్లండి అన్నా. ఎవరైనా సరే, సగం మాటకే నాకు మొత్తం అర్థమైపోద్ది."

ఉస్తాద్ టంకం పొగని ఉఫ్‌మని పక్కకి ఊది, మళ్లీ రేడియోలో తల దూర్చారు.

పదమూడు రోజులు పరాంకుశం తిండీ నిద్రా మానేశాడు. అంటే, రోజుకి మూడుసార్లే తిన్నాడు. చప్పుళ్లన్నిటినీ జల్లెడ పట్టే ప్రోగ్రాం ఒకటి రాశాడు. ఫ్యాను పోయింది. కుక్కర్ పోయింది. బజ్జీల నూనె పోయింది. మనుషుల గొంతులే ఒక పట్టాన పోలేదు. ఒకటి తోసేస్తే ఇంకోటి దూరేది. తొమ్మిది రోజులు జుట్టు పీక్కుని వాటినీ ఏరి పారేశాడు. చివరికి డప్పు దెబ్బ తప్ప మరో చప్పుడు ఆ పెట్టె చెవికెక్కకుండా చేశాడు.

పద్నాలుగో రోజు సాయంత్రం తులశమ్మగారు వచ్చింది. ఆవిడ ఊపిరి తీసుకోకముందే పరాంకుశం పాట పెట్టాడు. ఢమ్మంటే ఎరుపు, ఢిమ్మంటే నీలం. పెళ్లి ఊరేగింపు ఒకటి దారి తప్పి పెట్టెలోకి వచ్చేసినట్టుంది.

"ఎలా ఉంది మేడమ్?"

"బాగుంది బాబూ, కానీ..."

"వైర్లు కనపడతాయనేగా? కనపడవు."

"అది కాదయ్యా..."

"కరెంటు అస్సలు కాలదు మేడమ్."

"నే చెప్పేదేంటంటే..."

"ఏడాది గ్యారంటీ!"

ఉస్తాద్ లేచారు. పనిలో ఉన్న మనిషి మధ్యలో లేవడం ఈ పదకొండేళ్లలో ఇదే మొదలు. పరాంకుశం చొక్కా సర్దుకున్నాడు. వస్తోంది, ఆ 'శభాష్' వచ్చేస్తోంది! అప్పుడే కిందనుంచి తెప్పించిన మిరపకాయ బజ్జీల్లోంచి ఉస్తాద్ ఒకటి ఏరారు. మోచేయంత బజ్జీ. ఇంకా పొగలు కక్కుతోంది.

"నోరు తెరువు."

శిష్యుడు మురిసిపోతూ తెరిచాడు. ఉస్తాద్ దాన్ని తొడిమతో సహా లోపలికి కుక్కేశారు.

కళ్లు చింతనిప్పులయ్యాయి. చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. ఊసేద్దామా అంటే గురువు చేత్తో పెట్టింది. మింగుదామా అంటే నిప్పు. మాట్లాడ్డమంటారా, ఆ ఊసే లేదు.

ఉస్తాద్ పాట ఆపి, స్టూలు ఆవిడ వైపు జరిపారు.

"చెప్పమ్మా."

తులశమ్మగారు కూర్చుంది. "మా సుప్రజకి వినపడదండీ. నాలుగేళ్లప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఇప్పుడు చీరల మీదకి బొమ్మలు గీస్తుంది, రోజంతా కంప్యూటర్ ముందే. గుమ్మానికి వీపు పెట్టి కూచుంటుంది. అన్నానికి పిలవాలంటే వెనకనించి వెళ్లి భుజం తట్టాలి. తట్టినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది. ఇరవయ్యేళ్లనించీ ఉలిక్కిపడుతూనే ఉందండీ."

చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"ఆ పెట్టె దాని కళ్లెదురుగానే ఉంటుంది. నేను గుమ్మంలోంచి పిలిస్తే అది వెలగాలి. పిల్ల తిరిగి చూడాలి. అంతేనండీ."

పెట్టె మీదకి వంగి, "సుప్రజా!" అంది.

పెట్టె వెలగలేదు.

"సుప్రజా! అన్నానికి రా అమ్మా!"

ఏమీ లేదు. ఆవిడ సిగ్గుపడినట్టు ఉస్తాద్ వైపు చూసింది.

"నా గొంతు సరిపోదేమోనండీ."

పరాంకుశం ఆ నిప్పుని ఒక్క గుక్కలో మింగేశాడు. కళ్లమ్మట బొటబొటా నీళ్లు. మిరపకాయ ఘాటే అనుకోండి. కీబోర్డు ముందు కూలబడి, గొంతులకి అడ్డం పెట్టినవన్నీ ఒక్కొక్కటే పీకేశాడు. తొమ్మిది రోజుల పని మూడు నిమిషాల్లో పోయింది.

"పిలవండమ్మా."

"సుప్రజా," అంది ఆవిడ. మెల్లగానే అంది.

అద్దం వెనక వంగపూవు రంగు నిండుగా విచ్చుకుంది. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఉండిపోయింది.

"ఇంకేమన్నా చెప్పాలా అమ్మా?"

అతని మాటకి పెట్టె వెలిగింది, ఆరింది. అలవాటు కొద్దీ మరో మాట పెదవి దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, చేతులు కట్టుకుని, చీకటిగా ఉన్న అద్దంకేసి చూస్తూ నిలబడ్డాడు. ఫ్యాను కిర్రుమంది. పెట్టె కదల్లేదు. అతనూ కదల్లేదు. ఓ యుగం గడిచింది.

లైట్లు వెలిగాయి.

"వాళ్ల నాన్న కూడా పిలుస్తాడు బాబూ," అంటోంది తులశమ్మగారు. "ఆయనది మరీ చిన్న గొంతు."