వదులుపగ్గం కొండ మీద చెన్నరాయస్వామి వీపు చూపిన కథ

వదులుపగ్గం కొండకు వచ్చే భక్తులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఇక్కడ చెన్నరాయస్వామి మనకు వీపు చూపించి నిలబడి ఉంటాడు. మొదటిసారి వచ్చినవారు విగ్రహాన్ని తిప్పి పెట్టావేమయ్యా అని అర్చకుణ్ణి దబాయిస్తారు. ఆయన తప్పేమీ లేదు. స్వామి ఎడమచేతి నుంచి ఒక నూలు పగ్గం ముఖమండపం దాకా వేలాడుతుంది. దాని కొస పట్టుకుని, ఎక్కడా బిగియనివ్వకుండా, ముందున్నవారిని తోయకుండా స్వామి దాకా నడవడమే ఇక్కడి దర్శనం. వినడానికి సులువే.

పూర్వం ఈ ప్రాంతాన్ని కదిరప్ప నాయుడనే పాళెగాడు ఏలేవాడు. ఎవరికీ వీపు చూపని వంశమని వారికి బిరుదు. అది యుద్ధానికి సంబంధించినదని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. భార్య గదిలోంచి సైతం వెనక్కి నడుస్తూ వచ్చి, గడప తగిలి పడేవాడు.

ఒక ఏడాది వానలు బాగా కురిస్తే, ఉత్సవంలో స్వామిని నిజమైన గుర్రం మీద ఊరేగిస్తానని నాయుడు మొక్కుకున్నాడు. వానలు కురిశాయి. సంతకు వెళ్ళి ఒక లేత గుర్రప్పిల్లను తెచ్చాడు. ఎక్కబోతే అది ఆయనను రేగుకంపలో పడేసింది. కొరడా చూపిస్తే పళ్ళు చూపించింది. మేత మాన్పిస్తే కొట్టం కప్పు పీక్కుని తిన్నది. ఊరంతా నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. నాయుడికి ఒళ్ళు మండి, ఉత్సవం నాటికి లొంగి, పిలిస్తే దగ్గరకు రాకపోతే దాన్ని పొలిమేరలో బలి ఇస్తానని చాటింపు వేయించాడు. తమ చేతకానితనానికి ఎదుటి ప్రాణి మెడ కోయడం ఏలేవారికి కొత్త కాదు.

ఆ మధ్యాహ్నం ఆయన సంగటి తిని కునుకు తీస్తుండగా స్వామి కలలో కనిపించి, "నువ్వు నిలవలేని వీపు మీద నన్ను కూర్చోమంటావేమిరా? పోయి మీ అత్తను అడుగు" అన్నాడు.

సుంకులమ్మ నాయుడికి మేనత్త. ఆవుదూడలనూ తల్లిలేని ఈ మేనల్లుణ్ణీ ఒకే చేత్తో పెంచిన మనిషి. వాటిలో దూడలే త్వరగా మాట విన్నాయని చెప్పేది. ఆమె మొదట కొరడా లాక్కుని పొయ్యిలో పెట్టింది. తరువాత పగ్గం ఇచ్చి, గుర్రం ఎక్కకుండా నేల మీదనే నిలబడమన్నది.

"ఎందుకురా గుంజుతావు? అది ఒక్క అడుగు వేస్తే వెంటనే వదులు చెయ్యి. ఆ వదులే దానికి నువ్వు చెప్పే మాట."

నాయుడు నేర్చుకున్నాడు. ఆయన నేర్చుకునే కొద్దీ గుర్రప్పిల్లకూ నేర్పు వచ్చింది. ఆగమంటే ఆగేది, కదలమంటే కదిలేది. పగ్గం విడిచి రమ్మంటే మాత్రం దగ్గరకు వచ్చేది కాదు. దూరంగా నిలబడి ఆయన కళ్ళ వంకే బెదురుగా చూసేది. అటు తిరిగి నిలబడు, వస్తుందని సుంకులమ్మ చెప్పింది. ప్రాణం పోయినా తిరగనన్నాడు నాయుడు. పోయేది నీ ప్రాణం కాదు గదా అన్నది ఆమె.

ఉత్సవం రానే వచ్చింది. ఊరంతా చూస్తుండగా నాయుడు పగ్గం కింద వదిలి పిలిచాడు. గుర్రప్పిల్ల రాలేదు. మళ్ళీ పిలిచాడు. పొలిమేరలో కత్తి పట్టుకున్నవాడు గొంతు సవరించుకున్నాడు.

సుంకులమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది. "పగవాడి ముందర కాదు కదిరీ, పసిదాని ముందర. తిరుగు."

కదిరప్ప నాయుడు తిరిగాడు. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. కాసేపటికి ఆయన మెడ మీద వేడి ఊపిరి తగిలింది. గుర్రప్పిల్ల గడ్డం ఆయన భుజానికి ఆనించి, తలపాగాలోని బంతిపూలు నింపాదిగా నమలసాగింది. నాయుడు కదలకుండా నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కత్తివాడు ఇంటికి పోయాడు.

ఇక స్వామిని దాని మీద ఎక్కిద్దామని పల్లకి మోసేవారు ముందుకు వస్తే సుంకులమ్మ అడ్డం నిలిచింది. ఎముక ముదరని పిల్ల మీద పంచలోహాల బరువు వేస్తారా అని కడిగేసింది. అందుచేత ఆ రోజు గుర్రప్పిల్ల ఖాళీ వీపుతో నడిచింది, దాని పక్కన స్వామి పల్లకిలో వచ్చాడు. మొక్కు అలాగే చెల్లింది.

మరునాడు గర్భగుడి తలుపు తీస్తే మూలవిరాట్టు అటు తిరిగి, చేతిలో పగ్గం వదులుగా పట్టుకుని ఉన్నాడు. మనం మనంతట దగ్గరకు రావాలని స్వామి అలా నిలిచాడని పెద్దలు చెబుతారు. రాయి తిరుగుతుందా అని కొందరు చదువుకున్నవారు అడుగుతుంటారు. కదిరప్ప నాయుడే తిరిగాక రాయి తిరగడం ఎంత?

నేటికీ ఉత్సవంలో జీను లేని గుర్రప్పిల్ల స్వామి పక్కన నడుస్తుంది. అలిగి పుట్టింటికి వెళ్ళిన భార్యల కోసం వచ్చే భర్తలు, మాట వినని పిల్లల తల్లులు పగ్గం పట్టుకుని నడిచి, ఇంటికి వెళ్ళి గుంజడం మానుకుంటే కోరిక తప్పక నెరవేరుతుంది. గుంజేవారికి స్వామి బాధ్యుడు కాడు. ఊరేగింపులో మీ కొప్పులోని పూలు మాయమైతే కేకలు వేయవద్దు. వెనక్కి తిరగకుండా నిలబడండి. మొక్కు ముట్టినట్టే.