చట్నీ లేని ప్లేటు

“రాణెమ్మా, ఇవాళ చట్నీ వెయ్యలేదేంటి?” అని ఎలీషా సార్ అడగ్గానే హారిక తలెత్తి చూసింది. చట్నీ ఆయన ప్లేట్లోనే ఉంది, ఎడమ పక్కన. ఉప్మా కూడా కుడి సగమే తిన్నారు.

ఆయన నరాల జబ్బుల వార్డుకి పెద్ద. హారిక, కిందటి నెలే డాక్టరు పట్టా చేతికొచ్చిన పిల్ల. ఆ పొద్దున ఏడున్నరకి ఆయన్ని అడిగింది: “సార్, రాత్రి వార్డులో చేరిన తాతకి ఎడం చెయ్యి పడిపోయింది. అయినా నాకేం కాలేదంటున్నాడు. అబద్ధమాడుతున్నాడా?” ఆయన రెండు చేతులూ సబ్బుతో రుద్ది కడుక్కుంటూ, “టిఫిన్ చేసి చెప్తాను” అన్నారు.

“కళ్ళజోడు మార్చండి సార్, ఎదురుగా పెట్టుకుని!” అని నర్సు రాణెమ్మ నవ్వింది. హారిక నవ్వలేదు. ప్లేటుని మెల్లగా తిప్పింది. చట్నీ కుడి పక్కకొచ్చింది.

“ఆ, ఇప్పుడు వేశారు,” అన్నారాయన.

“సార్, రెండు చేతులూ ఎత్తండి.”

“ఓహో, నాకే పరీక్షా?” నవ్వు మూతికి కుడి పక్కే ఆగిపోయింది. కుడి చెయ్యి లేచింది. ఎడమది ఒళ్ళోనే పడుంది. “ఎత్తాను కదమ్మా.”

ఆమె ఆ ఎడమ చేతిని పట్టుకుని ఆయన కుడి కంటి ముందుకి తెచ్చింది. “ఇదెవరిది సార్?”

“నీదే.” ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. “నా వాచీ నువ్వెందుకు పెట్టుకున్నావు?”

రాణెమ్మ గిన్నె కింద పెట్టి దగ్గరికొచ్చింది.

హారిక మనసులో లెక్క కట్టింది. పడిపోయినవి మొహం, చెయ్యి, రెండూ ఎడమవే. పైగా ఎడమ పక్కన ఆయనకి లోకమే లేదు. అంటే పక్షవాతం, దెబ్బ మెదడు కుడి భాగానికి. ఏడున్నరకి రెండు చేతులూ ఆడాయి, ఇప్పుడు ఎనిమిదిన్నర. మందు నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఇంకా టైముంది. షుగరు పడిపోయినా ఇలాగే ఉండొచ్చని వేలికి సూది గుచ్చి చూస్తే మామూలుగానే ఉంది. స్ట్రెచర్ తెమ్మంది.

“ఎవరికి? ఈ వార్డుకి పెద్ద నువ్వా, నేనా?” ఆ గొంతుకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. లేవబోయి ఎడమకి ఒరిగారు. ఆమె భుజం అడ్డం పెట్టింది.

“మీరే సార్. అయినా పడుకోండి.”

స్కాన్‌లో మెదడులో నెత్తురు కారిన గుర్తు కనబడలేదు, అంటే అడ్డుపడింది నెత్తురు గడ్డే. గడ్డ కరిగించే ఇంజెక్షన్ తొమ్మిదింపావుకి పడింది.

నాలుగో రోజుకి ఎడమ చేతి వేళ్ళు కదిలాయి. ఆయన ప్లేటు తనే తిప్పుకుని చట్నీ వెతుక్కుంటుంటే హారిక తలొంచుకుని నిలబడింది. “మీ మాట కాదన్నాను సార్.”

ఆయన కుడి చేత్తో వాచీ తడిమి చూసుకున్నారు.

“ఆ తాతది అబద్ధమా అని అడిగావు కదమ్మా. ఒట్టు. ఆ రోజు ఇది నీ చేతికే ఉంది.”